ఇచ్చిపుచ్చుకున్న ఊళ్ళు

మొన్న క్లినిక్ హాల్లో టీవీలో ఒక కొండదారి చూపించారు. దారి పొడవునా కార్లు. కార్ల మీద పరుపులు, కుర్చీలు, కాళ్ళు పైకి పెట్టి తాళ్ళతో కట్టిన ఒక బల్ల. ట్రాక్టరు తొట్టిలో ఒక ముసలాయన కోళ్ళగంప ఒళ్ళో పెట్టుకుని ఎటో చూస్తున్నాడు. కింద అరబ్బీ అక్షరాలు పరిగెడుతున్నాయి. ఆర్మేనియా సరిహద్దు పల్లెలు ఖాళీ అవుతున్నాయని ఏదో అంటున్నారు. రక్తపరీక్షకి వచ్చినాయన రిమోట్ తీసుకుని ఫుట్‌బాల్ పెట్టుకున్నాడు. నా చేతిలో సూది ఉంది, ఎదురుగా ఒక పసివాడు చెయ్యి చాచి ఏడవడానికి సిద్ధంగా ఉన్నాడు.

ఆ రోజంతా నా ముక్కుకి వెల్లుల్లి దంచి కలిపిన పెరుగు వాసన తగులుతూనే ఉంది. ఈ గల్ఫు దేశంలో, రుస్తాఖ్‌లో నేనుండే ఇంటి చుట్టుపక్కల ఎవరూ అలాంటిది చెయ్యరు. అది ఇదే దేశంలో ఇబ్రి ఊళ్ళో మా చిన్నప్పటి ఆసుపత్రి క్వార్టర్స్ వాసన. ఇప్పుడా క్వార్టర్స్ లేవు. కొట్టేసి బండ్లు పెట్టుకునే స్థలం చేశారు.

అవి వరసగా కట్టిన చిన్న ఇళ్ళు. అన్నింటికీ ఒకే రంగు తలుపులు, ఒకే ఎత్తు గోడలు. ఏసీ నుంచి కారే నీళ్ళకి ప్రతి ఇంటివాళ్ళూ బకెట్ పెట్టేవారు. ఆ నీళ్ళతోనే పుదీనా, కరివేపాకు పెంచేవారు. సాయంత్రం అయితే ఒక ఇంటి నుంచి చేపల వేపుడు, ఒక ఇంటి నుంచి కొబ్బరినూనె, ఎదురింటి నుంచి సాంబ్రాణి పొగ. అమ్మ ఆసుపత్రిలో నర్సు, నాన్న ఎక్స్‌రే గదిలో. మాది గోదావరి అవతల సముద్రపు ఒడ్డు ఊరు. నాకు ఆ ఊరు సెలవుల్లో మాత్రమే తెలుసు. నాకు తెలిసిన ఊరు ఈ క్వార్టర్సే.

మా పక్కింట్లో ఆడవాళ్ళ డాక్టరుగారు ఉండేవారు. ఆమెది ఆర్మేనియా. వీధిలో ఉన్న కేరళవాళ్ళకీ, ఈజిప్టువాళ్ళకీ, మాకూ ఆ దేశం ఎక్కడుందో తెలియదు. నాన్న అట్లాసు తెచ్చి వేలు పెట్టి చూపించాడు. వేలు పెట్టేసరికి దేశం మొత్తం వేలి కిందకి వెళ్ళిపోయింది.

ఒక ఏడు చలికాలం మొదట్లో డాక్టరుగారు వాళ్ళమ్మని తీసుకొచ్చారు. పొట్టిగా, వెడల్పుగా, తలకి నల్ల గుడ్డ కట్టుకుని, ఇబ్రి ఎండలో ఉన్ని మేజోళ్ళు వేసుకుని కారు దిగింది ఆవిడ. చేతిలో సంచి నిండా అక్రోట్లు. నేను గోడ మీద కూర్చుని చూస్తున్నాను. ఏమని పిలవాలని అడిగితే డాక్టరుగారు, "తాతిక్ అను. మా భాషలో అమ్మమ్మ అని అర్థం" అన్నారు.

అమ్మ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. "అమ్మమ్మని తాతా అంటారా! ఇదేం భాషండీ బాబూ," అని ఇంట్లోకి వెళ్ళాక పగలబడి నవ్వింది. చివర్లో ఆ 'క్' పలకడానికి నాకు బద్ధకం. తాతా అనే పిలిచేదాన్ని. గోడకి అవతల నుంచి ఆవిడ పలికేది.

నేను బడి నుంచి వచ్చేసరికి పెద్దవాళ్ళంతా డ్యూటీలో ఉండేవారు. నన్ను తాతిక్ చూసుకుంటోందని అమ్మ ధీమా. తాతిక్‌ని నేను చూసుకుంటున్నానని డాక్టరుగారి ధీమా. మాకు ఒక్క మాట కూడా ఉమ్మడిగా లేదు. ఆవిడ అక్రోటు కాయని తలుపు సందులో పెట్టి పటుక్కుమని నొక్కి, పప్పు నా అరచేతిలో పెట్టేది. నేను పుస్తకంలో బొమ్మలు చూపించి తెలుగు నేర్పేదాన్ని. ఎవరైనా ఏదైనా ఇస్తే "ఆకలేస్తోంది" అనాలని నేర్పాను, థాంక్స్ అని అర్థమని సైగ చేసి. ఆవిడ భక్తిగా నేర్చుకుంది. అమ్మ గారెలు పట్టుకెళ్తే గుండె మీద చెయ్యి పెట్టుకుని, తల వంచి, "ఆకలేస్తోంది" అంది. అమ్మ గాభరాగా వెనక్కి పరిగెత్తి పులిహోర తెచ్చింది. ఆవిడ మళ్ళీ వంగి "ఆకలేస్తోంది" అంది. ఆ వారంలో ఆ ఇంటికి పోయిన గిన్నెలకి లెక్కలేదు. "డాక్టరుగారు వాళ్ళమ్మకి తిండి పెట్టట్లేదా ఏంటండీ?" అని అమ్మ నాన్నతో గుసగుసలాడుతుంటే నవ్వు ఆగక దొరికిపోయాను. వీపు మీద రెండు పడ్డాయి. తాతిక్‌కి సంగతి తెలిసి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది, నవ్వి ఇంకో అక్రోటు పగలగొట్టింది.

వెనకవైపు ఖర్జూరం తోటల్లో ఫలజ్ నీటి కాలవ పారేది. దాని గట్టు మీద ఆవిడ ఏవో ఆకులు కోసుకొచ్చి, సన్నగా తరిగి, పల్చటి రొట్టెలో కూరి కాల్చేది. వెల్లుల్లి పెరుగులో ముంచి తినాలి. ఒకరోజు అమ్మ ఆ ఆకులు చూసి, "ఇది గంగపాయల కూర కదే! నేను ఇన్నేళ్ళుగా తొక్కుకుంటూ తిరుగుతున్నానా!" అంది. మర్నాడు మా ఇంట్లో గంగపాయల పప్పు. తాతిక్ రుచి చూసి, పులుపుకి ఒక కన్ను మూసుకుని, ఇంకా వెయ్యమని కంచం జరిపింది.

మా క్రిస్మస్ వచ్చింది. నాన్న గుమ్మానికి కాగితపు నక్షత్రం కట్టాడు. తాతిక్ దాన్ని చూసి శిలువ గుర్తు వేసుకుంది. మా పండగ అయిపోయి, అరిసెలు గట్టిపడ్డాక, వాళ్ళ క్రిస్మస్ వచ్చింది. ఒకే దేవుడు రెండుసార్లు ఎందుకు పుట్టాడని అడిగాను. "మన కోసం ఒకసారి, వాళ్ళ కోసం ఒకసారి. నోరు మూసుకుని తిను," అంది అమ్మ.

అంతా బాగానే ఉన్నట్టుండేది. కానీ తాతిక్ కుదురుగా ఉండేది కాదు. ఇల్లు ఊడ్చి, వాకిలి ఊడ్చి, మా వాకిలి ఊడ్చి, ఇంకేం ఊడవాలన్నట్టు వీధి చివర నిలబడి చూసేది.

ఒక శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన కూటం అయి, అందరూ టీలు తాగి వెళ్ళారు. ఆసుపత్రిలో తుడిచే కంపెనీలో కరీంనగర్ దిక్కు నుంచి వచ్చిన అన్న ఒకాయన ఉండేవాడు. ఆయన పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"సిస్టరమ్మా, జెల్ది రాండ్రి! మీ పక్కింటి ముసలమ్మ గోరీల కాడ ఊడుస్తాంది. నా చీపురే వట్కపోయింది. ఆడ కావలి ముసలాయన ఒక్కటే లొల్లి వెడ్తుండు!"

"గోరీల దగ్గరా? ఎవరివి?"

"ఎవరియో ఏందో. ఈళ్ళయే. తోటల ఎన్క ఉన్నయి గద."

డాక్టరుగారు ఆపరేషన్ గదిలో ఉన్నారు. అమ్మా నేనూ చెప్పులు ఈడ్చుకుంటూ పరిగెత్తాం. తోటలు దాటాక ఒక బోడి మైదానం. పేర్లు లేవు, శిలువలు లేవు, కట్టడాలు లేవు. నేలలో నిలబెట్టిన చిన్న చిన్న రాళ్ళు, అంతే. నేను రోజూ చూసినా అది శ్మశానమని తెలియలేదు. తాతిక్ రాళ్ళ మధ్య వంగి, ఎగిరొచ్చిన ప్లాస్టిక్ సంచులూ, ఎండిన తుమ్మకాయలూ ఊడుస్తోంది. రాయి ఒక్కటీ కదల్చలేదు. కర్ర పట్టుకున్న ముసలాయన "హరామ్, హరామ్" అని అరుస్తున్నాడు. ఆవిడ ఆయన వైపు చూడటం కూడా లేదు.

అమ్మకి వచ్చిన కాస్త అరబ్బీ ఆ గాభరాలో ఎగిరిపోయింది. "బాబా, మాఫ్ కరో, ఉమ్మ్ దక్తూరా, ఉమ్మ్ దక్తూరా," అని చేతులు జోడిస్తూ, డాక్టరుగారి తల్లి ఈవిడ అని చెప్పబోతూ ఆయన చుట్టూ తిరిగింది. నాకు ఏడుపొచ్చింది. పోలీసులు వస్తారేమో, అందర్నీ పంపేస్తారేమో అనుకున్నాను. గల్ఫులో పుట్టి పెరిగిన పిల్లలకి ఆ ఒక్క భయం పాలతోనే అలవాటవుతుంది.

అప్పుడు పక్క తోటలోంచి ఒక ముసలావిడ వచ్చింది. ఆ ఊరి మనిషే. ఆవిడ పిల్లల్లో ఎవరో మా ఆసుపత్రిలోనే పుట్టారట, అమ్మని గుర్తుపట్టింది. కాసేపు చూసింది. కావలి ఆయనతో ఏదో అంది. ఆయన కర్ర దించాడు. ఆవిడ తాతిక్ చేతిలో చీపురు మెల్లగా తీసి నాకిచ్చి, మట్టి అంటిన ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని, "తఆలీ" అంది. రా అని. తాతిక్ బడికి వెళ్ళే పిల్లలా ఆవిడ వెంట నడిచింది.

వాళ్ళింట్లో ఖర్జూరపు మట్టలు మండుతున్నాయి. ఇనప పెనం మీద ఆవిడ పిండి ముద్దని అరచేత్తో ఒక్క చుట్టు రాసింది. కాగితం లాంటి రొట్టె లేచి వచ్చింది. "పూతరేకే!" అంది అమ్మ. తాతిక్ దాన్ని వెలుగుకి పట్టి చూసి, తన భాషలో ఏదో గట్టిగా అని, ఆ ఇంటావిడ పక్కన నేల మీద చతికిలబడింది. పిండి అందుకుని, రెండు చేతుల మధ్య ఎగరేస్తూ సాగదీసి చూపించింది, మా వైపు ఇలాగ చేస్తాం అన్నట్టు. ఇద్దరు ముసలమ్మలూ మాటల్లేకుండా ఒకరి రొట్టె ఒకరు తిన్నారు. ఏలకుల కాఫీ ఇచ్చారు. ఆ ఇంటావిడ అమ్మకి అరబ్బీలో మెల్లగా చెప్పింది, మగవాళ్ళకి రెండు రాళ్ళు, ఆడవాళ్ళకి మూడు పెడతాం, పేర్లు రాయం, పేరు దేవుడికి తెలుసు, మేము ఊడవం, గాలి ఊడుస్తుంది అని.

సాయంత్రం డాక్టరుగారు మా వంటింట్లో స్టూలు మీద కూలబడ్డారు. ఆ గాలి మాట అమ్మ చెబితే ఆవిడ తల్లికి చెప్పారు. తాతిక్ తల అడ్డంగా ఊపింది. "మా దగ్గర గాలి సరిపోదంటోంది," అన్నారు డాక్టరుగారు. "మా దగ్గర గడ్డి పెరుగుతుంది."

ఆ తర్వాత డాక్టరుగారు చెప్పింది ఇంగ్లీషులో. అమ్మ అప్పుడప్పుడు నా వైపు తిరిగి తెలుగులో చెప్పేది. కొంత అప్పుడు అర్థమైంది, కొంత చాలా ఏళ్ళకి.

వీళ్ళ అసలు ఊరు ఇప్పుడుంటున్నది కాదు. అది కొండలకి అవతల, పక్క దేశంలో ఉంది. అప్పట్లో అది పక్క దేశం అనే ఆలోచనే లేదు. అటు వీళ్ళ మనుషుల ఊళ్ళు, ఇటు ఆ పక్క దేశంవాళ్ళ ఊళ్ళు కలిసిపోయి ఉండేవి. ఒకరి పెళ్ళిళ్ళకి ఒకరు వెళ్ళేవారు. తాతిక్ చిన్నప్పుడు రెండు భాషలూ ఒకేసారి నేర్చుకుంది. తర్వాత గొడవలు మొదలయ్యాయి. ఒక పట్నంలో చంపుకున్నారని కబురొచ్చింది. తర్వాత ఇంకో చోట. వీళ్ళ ఊరి పెద్దలు భయపడ్డారు. సరిహద్దుకి ఇవతల ఆ పక్క దేశంవాళ్ళ జనం ఉన్న ఒక పల్లె కూడా అలాగే భయపడుతోందని తెలిసింది. రెండు ఊళ్ళ పెద్దలూ కూర్చుని మాట్లాడుకున్నారు. మీ ఊరు మాకివ్వండి, మా ఊరు మీకిస్తాం అని. ఇంటికి ఇల్లు, తోటకి తోట.

"ఎవరూ ఎవరినీ కొట్టలేదు సిస్టర్," అన్నారు డాక్టరుగారు. "అమ్మ వెళ్ళేముందు ఇల్లంతా ఊడ్చి, పొయ్యిలో కట్టెలు పేర్చి వచ్చింది, వచ్చేవాళ్ళు చలికి ఇబ్బంది పడకూడదని. ఇవతలి ఊరికి వచ్చి చూస్తే మాకిచ్చిన ఇంటి పొయ్యిలోనూ కట్టెలు పేర్చి ఉన్నాయి. దూలానికి ఉయ్యాల కొక్కెం అలాగే ఉంది. పిల్లి ఒకటి ఉండిపోయింది. అది వాళ్ళ భాషలో పిలిస్తేనే వచ్చేది."

"మరి సమాధులు?" అంది అమ్మ.

"అవి ఎలా తెస్తాం?"

అదే వాళ్ళ ఒప్పందంలో చివరి మాటట. మీ వాళ్ళని మేము చూసుకుంటాం, మా వాళ్ళని మీరు చూసుకోండి. మా తాతిక్ భర్త, చనిపోయిన ఇద్దరు పిల్లలు అక్కడి మట్టిలోనే ఉన్నారు. ఇవతల ఊళ్ళో ఉన్న, ఆ వెళ్ళిపోయినవాళ్ళ శ్మశానాన్ని ఏటేటా మంచు కరగగానే తాతిక్ శుభ్రం చేసేది. పేర్లు తెలియవు, రాత చదవడం రాదు. గడ్డి పీకి, పడిన రాళ్ళు నిలబెట్టేది. తను ఇక్కడ చేస్తే అక్కడ ఎవరో చేస్తారని ఆవిడ నమ్మకం. ఊరు మారాక యుద్ధం వచ్చింది, ఆగింది గానీ తుపాకులు ఆగలేదు. కొండ మీద నుంచి కాలుస్తారని ద్రాక్ష తోటలకి పోవడం మానేశారు. బడి పిల్లల కోసం ఎత్తుగా గోడ కట్టారు. తాతిక్ ఇంటి పైకప్పుకి తూటాలు తగిలాకే డాక్టరుగారు బలవంతాన తీసుకొచ్చారు.

"వచ్చిన రోజు నుంచి ఒకటే అడుగుతోంది. నేను లేకపోతే అక్కడ ఎవరు ఊడుస్తారు? నేను మానేశానని తెలిస్తే వాళ్ళు కూడా మానేస్తారేమో అని." డాక్టరుగారు ముఖం చేతుల్లో పెట్టుకున్నారు.

అమ్మ స్టవ్ ఆపింది. "మా నాన్న సమాధి సముద్రంలోకి పోయిందండీ," అంది. ఆ మాట అమ్మ నోట అంతకుముందు ఎప్పుడూ వినలేదు. "ఏటికేడు ఒడ్డు కోసుకుపోతుంది మా ఊళ్ళో. ముందు రోడ్డు పోయింది, తర్వాత గుడి పోయింది, తర్వాత శ్మశానం. మేము ఒడ్డున నిలబడి చూశాం. ఏం చేస్తాం? నీళ్ళతో ఏం మాట్లాడతాం?"

తాతిక్ మా ఇద్దరి ముఖాలూ చూసి, ఎవరో పోయారనుకుని శిలువ గుర్తు వేసుకుంది.

చలి తగ్గుతున్న రోజుల్లో ఆసుపత్రికి ఒక అమ్మాయి వచ్చింది. ఎడారి లోపల ఆయిల్ సైట్‌లో పనిచేసే టెక్నీషియన్ భార్య. తొలి కాన్పు. నెలలు నిండుతున్నాయి. ఓపీ వరండాలో కార్డు ఫోను దగ్గర నిలబడి ఎవరితోనో గలగలా మాట్లాడుతోంది. తాతిక్, నేను బెంచీ మీద డాక్టరుగారి కోసం కూర్చుని ఉన్నాం. తాతిక్ నమలడం ఆపేసింది. ఆ అమ్మాయి ఫోను పెట్టగానే తాతిక్ లేచి అదే భాషలో, చిన్నప్పుడు నేర్చిన ఆ అవతలివాళ్ళ భాషలో, ఏదో అంది.

ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. తనవాళ్ళు దొరికారనుకుంది పాపం. గబగబా దగ్గరికొచ్చి ఏదో అడిగింది. ఎక్కడి నుంచి అనే అడిగి ఉంటుంది. తాతిక్ చెప్పింది. నవ్వు అలాగే ఆగిపోయింది. ఆ అమ్మాయి రెండడుగులు వెనక్కి వేసి, చేతిసంచి పొట్టకి అడ్డం పెట్టుకుంది. కొడతారేమో అన్నట్టు.

తాతిక్ ముందుకు వెళ్ళలేదు. చాచిన చెయ్యి అలాగే ఉంచి, నేల వైపు వంగి, పిల్లిని పిలిచినట్టు పిలిచింది. వాళ్ళ భాషలో. పిలిచి, తన వైపు చూపించుకుని, తల ఊపుతూ ఏదో చెప్పింది. మీ పిల్లి ఒకటి నా దగ్గరుండేది, నా భాషలో పిలిస్తే వచ్చేది కాదు అందట. ఆ అమ్మాయి నవ్వింది. నవ్వుతూ బెంచీ మీద కూర్చుని, ఆ నవ్వులోనే ఏడుపు మొదలుపెట్టింది.

తర్వాత పరీక్షలకి వచ్చినప్పుడల్లా ఇద్దరూ ఆ బెంచీ మీదే. ఆ అమ్మాయికి ఆ భాష మాట్లాడేవాళ్ళు ఇబ్రిలో భర్త తప్ప ఎవరూ లేరు. అతను వారాల తరబడి సైట్‌లో ఉండేవాడు. తాతిక్ ఆమె పాదాల వాపు నొక్కేది, అక్రోట్లు తినిపించేది. ఒకరోజు అడిగింది. ఆ అమ్మాయి మేనమామ తాతిక్ పాత ఊరికి దగ్గర్లోని పట్నంలోనే ఉంటాడట. ఒక్కసారి ఎవరినైనా పంపి చూపించగలడా? సమాధులు ఉన్నాయా అని. అంతే, ఇంకేం వద్దు. ఆ అమ్మాయి తాతిక్ చేతులు పట్టుకుని మాట ఇచ్చింది.

ఆ రోజు నుంచి తాతిక్ ముఖం మారిపోయింది. ఇల్లు ఊడుస్తూ కూనిరాగం తీసేది. డాక్టరుగారు మాత్రం అమ్మతో, "నాకు భయంగా ఉంది సిస్టర్" అన్నారు.

నేను నర్సుల గదిలో మూల కూర్చుని లెక్కలు చేసుకుంటుంటే ఆ అమ్మాయి లోపలికి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. అమ్మ బీపీ చూడటానికి ఆమె చేతికి పట్టీ చుట్టింది.

"మామయ్య ఫోన్ పెట్టేశాడు సిస్టర్," అంది వచ్చీరాని ఇంగ్లీషులో. "వాళ్ళ గురించి నువ్వు అడగటమేంటి, సిగ్గు లేదా అన్నాడు. మళ్ళీ చేస్తే అత్తయ్య ఎత్తింది. ఆ ఊరికి ఎవరూ పోరు, నన్ను ఇంకోసారి అడగొద్దు అంది. మామయ్య కొడుకు యుద్ధంలో పోయాడు సిస్టర్. నేను ఏమనగలను? రేపు ఆవిడ అడుగుతుంది. ఏం చెప్పను?"

అమ్మ చాలాసేపు గాలి పంపు పట్టుకుని ఉండిపోయింది. నొక్కలేదు, వదల్లేదు. చివరికి, "ఉన్నాయని చెప్పు," అంది.

"అబద్ధమా?"

"ఉన్నాయని చెప్పు తల్లీ. పెద్దావిడ."

మర్నాడు ఆ అమ్మాయి డాక్టరుగారింటికే వచ్చింది. మమ్మల్ని కూడా టీకి పిలిచారు. తాతిక్ తలగుడ్డ కొత్తది కట్టుకుంది. ఆ అమ్మాయి కుర్చీ అంచున కూర్చుని చెప్పింది, డాక్టరుగారు అమ్మ కోసం ఒక్కో మాటా ఇంగ్లీషులోకి మార్చారు. అన్నీ ఉన్నాయి. ఒక్క రాయి కూడా పడలేదు. ఏటా గడ్డి పీకుతున్నారు. అక్రోటు చెట్టు కాపు కాస్తోంది. తాతిక్ ఒక్కోదానికీ తల ఊపుతోంది. ఊపుతున్నకొద్దీ ఆ అమ్మాయి ఇంకా ఇంకా చెబుతోంది. ఆపడం తెలియనట్టు. చివరికి, గేటుకి కూడా కొత్త రంగు వేశారు, ఆకుపచ్చ రంగు అంది.

డాక్టరుగారు ఆ మాట దగ్గర ఆగారు. మార్చి చెప్పారు. కిటికీ వైపు తిరిగారు.

తాతిక్ తల ఊపడం ఆపలేదు. ఆకుపచ్చా, మంచి రంగు అంది. లేచి ఆ అమ్మాయి నుదుటి మీద ముద్దు పెట్టి, రెండు బుగ్గలూ పట్టుకుని చాలాసేపు చూసింది. పళ్ళెంలో ఉన్నవన్నీ మూటగట్టి ఆమె సంచిలో పెట్టింది.

ఆ అమ్మాయి వెళ్ళాక గుమ్మంలో డాక్టరుగారు అమ్మతో అన్నారు. "మా పాత ఊరి సమాధులకి గేటు లేదు సిస్టర్. ఎప్పుడూ లేదు. గోడలో మనిషి పట్టేంత సందు వదిలారు, గొర్రెలు రాకుండా ముళ్ళకంప అడ్డం పెట్టేవాళ్ళం." తలుపు దగ్గరికి వేసి, "అమ్మ అంటోంది, ఆ పిల్లకి మాత్రం చెప్పొద్దట. నెలలు నిండిన మనిషి, బాధపడుతుందట" అన్నారు.

అమ్మ ఇంట్లోకి వచ్చి వంటింట్లో నేల మీద కూర్చుంది. ఆ పూట నాన్నే ఉప్మా చేశాడు. అమ్మ తినలేదు. సంగతి విని నాన్న, "ఈమధ్య కొత్తగా గేటు పెట్టి ఉండొచ్చు కదా" అన్నాడు. "పెట్టి ఉండొచ్చండీ," అంది అమ్మ. అంతకంటే మా ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు.

ఆ అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. డాక్టరుగారే కాన్పు చేశారు. తాతిక్ ఆ ఎడారి ఊళ్ళో పసిపిల్లకి ఉన్ని మేజోళ్ళు అల్లి పట్టుకెళ్ళింది. తర్వాత పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది. డాక్టరుగారు బతిమాలారు, అరిచారు, ఏడ్చారు. గోడకి ఇవతలికి అంతా వినిపించేది. కాలుస్తున్నారమ్మా, అక్కడ ఎవరున్నారమ్మా అన్నట్టు. తాతిక్‌ది ఒక్కటే మాట. మంచు కరుగుతోంది, గడ్డి వచ్చేసి ఉంటుంది.

"అవతల వాళ్ళు చేయట్లేదని తెలిసి కూడానా?" అని అమ్మ అడిగిందట.

"అది వాళ్ళ సంగతి అంటోంది," అన్నారు డాక్టరుగారు.

కారు ఎక్కేటప్పుడు ఆవిడ నా తల నిమిరింది. నేను ముఖం మాడ్చుకుని గోడ మీదే కూర్చున్నాను, దిగలేదు. కారు మలుపు తిరిగాక దిగి పరిగెత్తాను. ఏం లాభం, దుమ్ము తప్ప ఏమీ లేదు.

ఆ అమ్మాయి భర్త కాంట్రాక్టు అయిపోయి వాళ్ళు వెళ్ళిపోయారు. మరి కొన్నాళ్ళకి డాక్టరుగారు వేరే దేశానికి మారారు. మేము రుస్తాఖ్ వచ్చేశాం. చాలా ఏళ్ళ తర్వాత అమ్మకి ఒక ఫోనొచ్చింది. తాతిక్ పోయింది. ఊరు మారాక వీళ్ళు పెట్టుకున్న కొత్త శ్మశానం కొండ అంచున ఉందట, అటువైపు నుంచి కాల్చేవాళ్ళకి కనిపిస్తుందట. ఆ వారం కాల్పులు ఆగలేదు, శవాన్ని అక్కడికి తీసుకెళ్ళలేకపోయారు. ఊళ్ళో మిగిలిన నలుగురు మనుషులు ఆవిడ శుభ్రం చేసే ఆ పాత శ్మశానం గోడ పక్కన, ఊరి వైపు, గొయ్యి తీసి పెట్టేశారు. డాక్టరుగారికి చేరుకునే దారి లేకపోయింది. "నేను వెళ్ళలేకపోయాను సిస్టర్," అని ఆ ఒక్క మాటే పదే పదే అన్నారట. ఆ నెంబరు తర్వాత పనిచెయ్యలేదు.

అమ్మ ఈ చలికాలం నా దగ్గరికి వచ్చి ఉంది. టీవీలో చూసింది చెప్పాను. అప్పుడే అడిగాను. "ఆ రోజు ఉన్నాయని ఎందుకు చెప్పమన్నావమ్మా?"

అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. "ఏం చెప్పమంటావే? లేవని చెప్పడానికి కూడా మనకి తెలియదు కదా," అంది.

ఫోనులో మ్యాపు తెరిచి వెతికాను. సరిహద్దు వెంబడి అన్నీ కొండలే. ఒక్కో ఊరికి ఒక్కో దేశం ఒక్కో పేరు పెట్టింది, కొన్నింటికి పేరే లేదు. గీత ఈమధ్య జరిగిందంటున్నారు. కొన్ని పల్లెలు అటు పోయాయట, కొన్ని ఎటూ కాకుండా ఖాళీగా ఉన్నాయట. తాతిక్‌ని పెట్టిన ఊరు ఇప్పుడు ఎటుందో నాకు తెలియదు. ఒకవేళ అటు పోయి ఉంటే, ఎప్పుడో ఒకప్పుడు ఆ ఊరి పాతవాళ్ళ పిల్లలు తమవాళ్ళ సమాధులు వెతుక్కుంటూ వస్తారు. గోడ పక్కన తమది కాని సమాధి ఒకటి కనిపిస్తుంది. ఉంచుతారో, తీసేస్తారో. అది ఎవరిదో, అన్నేళ్ళు అక్కడ ఆవిడ ఏం చేసిందో వాళ్ళకి చెప్పాలి. చెప్పేవాళ్ళు అక్కడ ఎవరూ ఉండరు. ఇక్కడ నేనున్నాను గానీ, నాకు ఆ ఊరి పేరు కూడా సరిగ్గా పలకడం రాదు.